మా రోడ్డు పేరు మార్చిన ఏడాది

వర్జీనియాలో, షాంటిలీ అనే ఊళ్లో ఇల్లు కొన్నప్పుడు మా రోడ్డు పేరు ఎవరిదో మాకు తెలియదు. ఇల్లు చూపించిన ఏజెంట్ స్కూల్ మంచిదని చెప్పింది, ఇండియన్ గ్రోసరీ దగ్గరని చెప్పింది, బేస్‌మెంట్‌లోకి నీళ్లు రావని చెప్పింది. నీళ్లు వచ్చాయి. రోడ్డు పేరు గురించి మేం అడగలేదు, ఆవిడా చెప్పలేదు. కస్టమర్ కేర్ వాళ్లకి స్పెల్లింగ్ చెప్పే పని లేకుండా చిన్న పేరు దొరికిందని మా ఆయన సంతోషించాడు.

అది అమెరికా సివిల్ వార్‌లో దక్షిణాది సైన్యాన్ని నడిపిన ఒక జనరల్ పేరని తర్వాత తెలిసింది. తెలిశాక మేం చేసిందేమీ లేదు. నూట అరవై ఏళ్ల కిందట దక్షిణాది రాష్ట్రాలు దేశం నుంచి విడిపోతామన్నాయి, ఉత్తరాది వాళ్లు కుదరదన్నారు, నాలుగేళ్లు కొట్టుకున్నారు. మా ఇంటి నుంచి కాసేపు డ్రైవ్ చేస్తే ఆ యుద్ధం జరిగిన మైదానాల్లో ఒకటి వస్తుంది. ఇండియా నుంచి వచ్చిన చుట్టాలందరినీ అక్కడికి తీసుకెళ్లేవాళ్లం, వైట్‌హౌస్ అయ్యాక, గుడికి ముందు. వాళ్లు ఫిరంగి పక్కన నిలబడి ఫొటో దిగి, ఎవరు గెలిచారని అడిగేవాళ్లు. ఇక్కడ దక్షిణం వాళ్లు, మొత్తం మీద ఉత్తరం వాళ్లు అని చెప్పేదాన్ని. మంచిదని, పులిహోర డబ్బా తెరిచేవాళ్లు. ఎందుకు కొట్టుకున్నారని ఒక్కరూ అడగలేదు. చుట్టాలకి అంత టైమ్ ఉండదు.

ఆ రోడ్డు పేరు మార్చాలా వద్దా అన్న సంగతి మీద కౌంటీ వాళ్లు, అంటే ఇక్కడి జిల్లా అధికారులు, సభ పెడుతున్నారని కబురు వచ్చిన వారంలోనే మా బాపు దిగాడు. ఇంకో రాష్ట్రంలో, ట్రాయ్‌లో ఉండే మా చెల్లెలికి కాన్పు. అమ్మ నేరుగా అక్కడికి వెళ్లింది. బాలింత ఉన్న ఇంట్లో నీకేం పని అని బాపుని నా దగ్గరికి పంపింది.

బాపు వరంగల్ వైపు కలెక్టర్ ఆఫీసులో సూపరింటెండెంట్‌గా చేసి రిటైరయ్యాడు. తెలంగాణ ఉద్యమంలో ఉద్యోగుల సమ్మె జరిగినప్పుడు టెంట్ కింద కూర్చున్నవాళ్లలో ఆయన ఒకడు. మా ఆయనది గుంటూరు. మా పెళ్లి రాష్ట్రం విడిపోకముందు జరిగింది. విడిపోయాక ఆ విషయం మా ఇంట్లో ఎత్తకూడదని ఎవరూ చెప్పకుండానే ఒప్పందం కుదిరింది. హైదరాబాద్ ఉమ్మడి రాజధానిగా ఉన్న గడువు ముగిసినా మా ఇల్లు ఉమ్మడిగానే నడుస్తోంది.

వచ్చిన రెండో రోజే బాపుకి వాకింగ్‌లో తోడు దొరికాడు. మా పక్కింటి పెద్దాయన. టెలిఫోన్ లైన్లు వేసే పనిచేసి రిటైరయ్యాడు, భార్య పోయింది, ఎనభైకి దగ్గర పడ్డాడు. మేం వచ్చిన మొదటి చలికాలం పొద్దున లేచేసరికి మా డ్రైవ్‌వే మీద మంచు లేదు. మంచు కురవలేదేమో అనుకున్నాం. ఆయనే తన మెషీన్‌తో తీసేసి, చెప్పకుండా ఇంట్లోకి వెళ్లిపోయాడు. మా ఆయనకి కిడ్నీలో రాయి కదిలినప్పుడు నేను ఆఫీస్‌లో ఉన్నాను, హాస్పిటల్‌కి తీసుకెళ్లింది ఆయన. మా అమ్మాయికి సైకిల్ నేర్పిందీ ఆయనే. ఆయన తాతల నాటి నుంచి అందరూ వర్జీనియా వాళ్లే. ఆయన ముత్తాత తండ్రి పంతొమ్మిదేళ్ల వయసులో ఆ జనరల్ కింద పోరాడి, ఒక చేయి పోగొట్టుకుని తిరిగొచ్చాడట. ఆ సంగతి మాకు చాలాసార్లు చెప్పాడు. మేం ప్రతిసారీ ఏ చెయ్యి అని అడిగేవాళ్లం, మర్యాదగా.

బాపు ఆయన్ని సార్ అనేవాడు, ఆఫీసు అలవాటు. ఆయనా బాపుని సర్ అనేవాడు, అది వర్జీనియా అలవాటు. ఇద్దరూ ఒకరినొకరు సార్ అనుకుంటూ రోజూ పొద్దున రోడ్డు చివరిదాకా వెళ్లి వచ్చేవాళ్లు. బాపు ఇంగ్లీషు చదవడంలో గట్టివాడు. వినడం దగ్గరే చిక్కు. వర్జీనియా పెద్దాయన మాట సాగదీసి మింగేస్తాడు. అర్థం కాని చోట బాపు "యెస్, యెస్" అనేవాడు. ఎదుటివాళ్లకి అది అంగీకారంలా వినిపిస్తుంది.

వారం తిరక్కముందే ఒక ఆదివారం దోసెలు తింటూ బాపు ఒక సంగతి చెప్పాడు.

"పక్కింటి సారు మనోడే," అన్నాడు. "వాళ్ల రాష్ట్రానికి గూడ అన్యాయం జరిగిందంట. కేంద్రం పెత్తనం చేసిందంట. రాష్ట్రాల హక్కుల కోసమే కొట్లాడిన్రంట. ఆ కొట్లాడిన నాయకుని పేరే ఈ రోడ్డుకుంటే, ఇప్పుడు తీసేస్తున్నరంట."

మా ఆయన ఇంకో దోసె వేసుకున్నాడు. బాపు చట్నీ వేసుకుని, మిగతాది కూడా చెప్పాడు. సభలో పేరు తీసేయొద్దని మాట్లాడమని పెద్దాయన అడిగాడట. ఈయన సరే అన్నాడట. మాట్లాడేవాళ్ల వరసలో బాపు పేరు కూడా పెద్దాయనే ఆన్‌లైన్‌లో పెట్టేశాడట.

మా అమ్మాయికి అప్పుడు పదహారేళ్లు. ఆ ఏడాది స్కూల్లో వాళ్లకి అమెరికా చరిత్రే సబ్జెక్ట్. ఫోర్క్ కింద పెట్టింది.

"తాతా, అది స్టేట్స్ రైట్స్ కోసం కాదు. స్లేవరీ కోసం," అంది.

బాపుకి అమెరికాలో బానిసత్వం ఉండేదని తెలియక కాదు. అది వేరే పాఠం, యుద్ధం వేరే పాఠం అనుకున్నాడు. మనకి స్కూల్లో చెప్పిన పద్ధతి అదే. మనవరాలికి ఓపిగ్గా వివరించాడు. ఉద్యమం అన్నాక డిమాండ్లు ఉంటాయి. మావి మూడు. నీళ్లు, నిధులు, నియామకాలు. గోడల మీద రాసినవి అవే, మీటింగుల్లో చెప్పినవి అవే.

"వీళ్లయి ఏంది మరి?" అని అడిగాడు.

"ఒకటే," అంది మా అమ్మాయి.

బాపు నమ్మలేదు. ఒక్క డిమాండ్‌తో ఎవరూ నాలుగేళ్లు కొట్లాడరన్నాడు. నన్ను చూశాడు. నేను దోసె తిప్పడానికి లేచాను. నాకు రోడ్డు పేరు కన్నా అడ్రస్ మీదే ఎక్కువ దిగులు. గ్రీన్‌కార్డ్ అప్లికేషన్ నడుస్తోంది. ఇల్లు కదలకుండా అడ్రస్ మారితే ఏ ఫారం నింపాలో ఎవరికీ తెలియదు. పేరు మార్చొద్దన్న అర్జీ మీద సంతకం కోసం పెద్దాయన వచ్చినప్పుడు మా ఆయన్ని అడగాలన్నాను. మా ఆయన్ని అడిగితే నన్ను అడగాలన్నాడు. మా సంసారంలో ఇంత చక్కగా కలిసి పనిచేసిన సందర్భాలు తక్కువ.

మర్నాడు వాకింగ్‌లో బాపు పెద్దాయన్ని మీ డిమాండ్లు ఏమిటని అడిగాడు. చేతివేళ్ల మీద లెక్కపెట్టి మావి మూడని చూపించాడట. పెద్దాయన దిగుమతి సుంకాల గురించి చెప్పాడు, వాషింగ్టన్ పెత్తనం గురించి చెప్పాడు, సొంత గడ్డ మీదికి సైన్యం వస్తే ఎవరైనా ఏం చేస్తారన్నాడు. బాపుకి ఇవన్నీ సబబుగానే అనిపించాయి. అయితే విడిపోతున్నామని ప్రకటించేటప్పుడు ఆ రాష్ట్రాలు కారణాలు చూపిస్తూ ఏదో కాగితం ఇచ్చే ఉంటాయి కదా, అది చదివి దాన్నిబట్టే మాట్లాడతానన్నాడు. కాగితం లేకుండా మాట్లాడటం ఆయనకి చేతకాదు. చదవండి, ఎక్కడైనా దొరుకుతుందన్నాడు పెద్దాయన.

ఆ సాయంత్రం తాతా మనవరాలూ డైనింగ్ టేబుల్ మీద లాప్‌టాప్ పెట్టుకుని కూర్చున్నారు. ఆ ప్రకటనల్ని దాచిపెట్టిన వాళ్లెవరూ లేరు. వెతికితే ఒక్క నిమిషంలో వస్తాయి. బాపు కళ్లజోడు తుడుచుకున్నాడు. పాత ఇంగ్లీషు, పొడుగు వాక్యాలు. ఆయనకి పుట్టింటికి వచ్చినట్టుంది. జీవో ఎలా చదవాలో మనవరాలికి నేర్పాడు. పైన రెండు పేరాల్లో రాజ్యాంగం, ధర్మం, ప్రజాక్షేమం ఉంటాయి, అవి వదిలేయాలి. అసలు సంగతి మూడో పేరాలో ఎక్కడో చిన్నగా ఉంటుంది.

మొదట మిసిసిపీ వాళ్లది తీశారు. మూడో పేరాదాకా వెళ్లే పని పడలేదు. మొదట్లోనే, తమ స్థితి అంతా బానిసత్వంతో ముడిపడి ఉందని రాశారు. బాపు పైకి వెళ్లి మళ్లీ చదివాడు. కళ్లజోడు తీసి మళ్లీ పెట్టుకున్నాడు.

"గింత బాజాప్తగ రాసుకున్నరా?" అన్నాడు. ముప్ఫై ఆరేళ్ల సర్వీసులో అంత నిజాయితీగా రాసిన జీవో ఆయన చూడలేదు.

తర్వాత సౌత్ కరొలైనాది. అందులో పెద్ద ఫిర్యాదు ఉత్తరాది రాష్ట్రాల మీద. పారిపోయి వచ్చిన బానిసల్ని పట్టి అప్పగించకుండా అడ్డుపడేలా ఆ రాష్ట్రాలు సొంతంగా చట్టాలు చేసుకుంటున్నాయని. బాపు దాని దగ్గర చాలాసేపు ఆగాడు.

"అంటే చట్టం చేసుకునే హక్కు వీళ్లకు గావాలె, పక్క రాష్ట్రానికి ఉండద్దు," అన్నాడు. "ఇది రాష్ట్రాల హక్కు ఎట్లయితది?"

మా అమ్మాయి తర్వాతి ప్రకటన వెతకసాగింది. ఆ వయసులో గెలిచి కూడా ఏమీ అనకపోవడం కష్టం. చివర్లో మా వర్జీనియాది తీశారు. అది చిన్నది. దక్షిణాది అని ఊరుకోకుండా, బానిసల్ని ఉంచుకునే దక్షిణాది రాష్ట్రాలు అని రాశారు. బాపు లాప్‌టాప్ మూసి, అన్నం పెట్టమన్నాడు.

మర్నాడు పొద్దున వాళ్లిద్దరి మధ్య జరిగిన మాటలు నాకు బాపు చెప్పినంతే తెలుసు. కాగితాలు చదివానని బాపు అన్నాడు. ఆ కాగితాలు రాసింది పెద్ద ఎస్టేట్ల వాళ్లని పెద్దాయన అన్నాడు. మా ముత్తాత తండ్రికి ఒక్క బానిస కూడా లేడు, సొంత పొలం దున్నుకునే పిల్లవాడు, అతన్ని ఎవరూ కారణం అడగలేదన్నాడు. బాపు ఒప్పుకున్నాడు. సమ్మెలో కూర్చున్నవాళ్లందరికీ పైన నాయకులు ఏం రాసుకున్నారో తెలియదు, నాకూ తెలియదు, అయితే రోడ్డుకి పెట్టిన పేరు ఆ పిల్లవాడిది కాదు కదా అన్నాడు. అప్పుడు పెద్దాయన, సర్, ఆ కాలం అటువంటిది, దాన్ని ఇప్పటి కళ్లతో చూడకూడదన్నాడట.

ఆ మాట వినేదాకా బాపుకి అదంతా వేరే దేశం సంగతి. ఆ మాట మాత్రం చిన్నప్పుడు ఊళ్లో విన్నదే. ఎవరి దగ్గర విన్నాడో ఆ రోజు నాకు చెప్పలేదు.

సభలో మాట్లాడే వరసలోంచి పేరు తీయించేద్దామని నేను రెండు రోజులు పట్టుబట్టాను. విజిటర్ వీసా మీద వచ్చిన మనిషికి ఊరి రాజకీయాలెందుకు అన్నాను. పక్కింటాయనతో తగువెందుకు అన్నాను. మా ఆయన కూడా, "మామయ్య గారూ, మనకెందుకండీ," అన్నాడు. మా ఇంట్లో తెలంగాణ, ఆంధ్ర ఒకే మాట మీద నిలబడటం అదే మొదటిసారి. బాపు ఇద్దరికీ ఒకటే జవాబు చెప్పాడు. మాట్లాడతానని మాట ఇచ్చాను కాబట్టి మాట్లాడతాను. ఏం మాట్లాడాలో మాట ఇవ్వలేదు. పెద్దాయనతో కూడా ఆ సంగతి ముందే చెప్పేశాడట. అది ఆయన నిబద్ధతో పంతమో నాకు ఇప్పటికీ తెలియదు.

సభ ఒక సాయంత్రం కమ్యూనిటీ సెంటర్ హాల్లో జరిగింది. బాస్కెట్‌బాల్ కోర్టు మీద కుర్చీలు వేశారు. ముందు కౌంటీ వాళ్లు ముగ్గురు, మైకు, మైకు పక్కన ఒక చిన్న దీపాల పెట్టె. పచ్చలైటు వెలిగితే మాట్లాడాలి, పసుపు వస్తే ముగించాలి, ఎరుపు వస్తే ఆపాలి. మనిషికి మూడు నిమిషాలు. పాత పేరే ఉండాలన్నవాళ్లు ఒక వైపు, మార్చాలన్నవాళ్లు ఒక వైపు కూర్చున్నారు. అలా కూర్చోమని ఎవరూ చెప్పలేదు. పెళ్లిళ్లలో లాగా అదే కుదిరింది. పెద్దాయన బాపు కోసం తన పక్కన కుర్చీ ఉంచాడు. బాపు వెళ్లి ఆ కుర్చీలోనే కూర్చున్నాడు. మేం వెనక నిలబడ్డాం.

పెద్దాయన మాట్లాడాడు. బాగానే మాట్లాడాడు. తెగిన చెయ్యి గురించి చెప్పాడు. వారసత్వం అన్నాడు, రాష్ట్రాల హక్కులు అన్నాడు. ఎర్రలైటు వెలిగినా కాసేపు సాగించి, సారీ చెప్పి కూర్చున్నాడు.

తర్వాత మా రోడ్డు చివరింట్లో ఉండే ఆవిడ లేచింది. నల్లజాతి ఆవిడ, రిటైర్డ్ నర్స్. చేతులు ఊపుకోవడమే తప్ప నేను ఎప్పుడూ ఆగి మాట్లాడలేదు. ఆవిడ జనరల్ గురించి ఏమీ అనలేదు. ఈ రోడ్డుకి ఏ పేరూ లేనప్పటి నుంచి తన వాళ్లు ఇక్కడ ఉన్నారంది. ఉండటం అన్న మాట కూడా సరికాదు, ఉంచారు అంది. వాళ్ల సమాధులు ఇప్పుడున్న టైర్ల షాపు వెనక ఉన్నాయి, వాటి మీద పేర్లు లేవు, రాళ్లు మాత్రమే ఉన్నాయి. తన పెళ్లి శుభలేఖ మీద, పిల్లల సర్టిఫికెట్ల మీద, భర్త చనిపోయినప్పుడు వచ్చిన కార్డులన్నిటి మీద, అడ్రస్‌లో ఆ జనరల్ పేరే రాసి ఉందంది. అంతే చెప్పి, పచ్చలైటు ఉండగానే కూర్చుంది.

బాపు పేరు పిలిచారు. వాళ్లు పలికిన తీరుకి అది ఆయన పేరని మేం గుర్తుపట్టడానికి కొంత సేపు పట్టింది. ఆయన మైకు దగ్గరికి వెళ్లి, తెలుగులో మాట్లాడతాను, మనవరాలు ఇంగ్లీషులో చెబుతుందన్నాడు. మా అమ్మాయికి ఆ సంగతి అప్పుడే తెలిసింది. వెళ్లి పక్కన నిలబడింది. దాని తెలుగు ఇంట్లో విన్నంతే. క్రియల చివర్లు దానికి ఎప్పుడూ కుదరవు.

ముందు పక్కింటి సారు మంచివాడని చెప్పాడు. మంచు సంగతి, హాస్పిటల్ సంగతి చెప్పాడు. అది తేలిగ్గానే ఇంగ్లీషు అయింది. తర్వాత, తన తాత ఊళ్లో ఒక దొర ఉండేవాడన్నాడు. తన తాత ఆ దొర దగ్గర వెట్టి చేశాడన్నాడు. మా అమ్మాయి నా వైపు చూసింది. దానికి ఆ మాట తెలియదు. నేను వెనక నుంచి, జీతం లేని పని, కాదనడానికి లేని పని అని చెప్పాను. అది అలాగే చెప్పింది.

"వెట్టి బందు పెట్టాలని పట్నంల సర్కారు నుంచి ఎన్నడో ఫర్మానా వచ్చిందంట," అన్నాడు బాపు. "దొర ఏమన్నడంటే, ఇది నా ఊరు, నా హక్కు, పట్నపోళ్లకు ఏం పని అన్నడు. ఊరి హక్కు అన్నడు గని ఊరోళ్లను అడగలే."

మా అమ్మాయి అది చెప్పింది. హాల్లో కొందరు కుర్చీలో సర్దుకున్నారు. బాపు అదే గొంతుతో సాగించాడు. "దొర మంచోడే అని ఇప్పటికీ అంటరు. బావి తవ్విచ్చిండు అంటరు. నిజమే, బావి దొర తవ్విచ్చిండు. తవ్వింది మా తాత."

మా అమ్మాయి ఇంగ్లీషులో, దొర బావి తవ్వాడు అంది. మా తాత వాళ్ల తాత కూడా తవ్వాడు అంది. ఇద్దరూ కలిసి తవ్వారనుకుని ముందు వరసలో ఒకాయన మెచ్చుకోలుగా తల ఊపాడు.

బాపుకి వినడంలో చిక్కు ఉన్నా అది మాత్రం పట్టుకున్నాడు.

"అట్ల గాదు బిడ్డా. తవ్వుడు వేరు, తవ్విచ్చుడు వేరు," అన్నాడు.

అది కాసేపు ఆలోచించింది. పచ్చలైటు పోయి పసుపు వచ్చింది. తర్వాత మైకు దగ్గరికి వంగి, తప్పు చెప్పానంది. దొర తవ్వలేదు. దొర వాళ్లచేత తవ్వించాడు. తవ్వింది మా వాళ్లు. బావి మీద పేరు దొరది. ఇది చెప్పేటప్పుడు దాని గొంతు మామూలుగానే ఉంది. మా ముత్తాత సంగతి, ఆ బావి సంగతి నేను వినడం కూడా అదే మొదటిసారి. మా ఇంట్లో ఎప్పుడూ ఎవరూ చెప్పలేదు. బాపు ఉద్యోగంలో చేరిన కథ దగ్గర నుంచే మా వంశ చరిత్ర మొదలయ్యేది.

బాపు ఇంకేదో మొదలుపెట్టాడు, ఎర్రలైటు వెలిగింది. ప్రభుత్వోద్యోగి కదా, వాక్యం మధ్యలోనే ఆపేశాడు. థాంక్యూ సార్ అని ముగ్గురికీ విడివిడిగా చెప్పి, వెళ్లి మళ్లీ పెద్దాయన పక్కనే కూర్చున్నాడు. పెద్దాయన తన కోటు అంచు బాపు కుర్చీ మీద నుంచి తీసుకున్నాడు. సభ అయ్యేదాకా ఇద్దరూ ఎదురుగా ఉన్న బాస్కెట్‌బాల్ హూప్ వైపు చూస్తూ కూర్చున్నారు.

బయట పార్కింగ్‌లో రోడ్డు చివరింటి ఆవిడ మా దగ్గరికి వచ్చింది. ఆ మాట మళ్లీ చెప్పమని బాపుని అడిగింది. ఆయన వెట్టి అన్నాడు. ఆవిడ రెండుసార్లు అనుకుని చూసింది, ట అక్షరం దగ్గర కొంచెం ఇబ్బంది పడింది. తాతని అమ్మేవాళ్లా అని అడిగింది. లేదన్నాడు బాపు. పిల్లల్ని? లేదు.

"మావాళ్లని అమ్మారు," అంది ఆవిడ.

బాపు తల దించుకున్నాడు. రెండూ ఒకటేనని తాను అనలేదని చెప్పాలనుకున్నాడు. ఇంగ్లీషులో కుదరలేదు. "యెస్, మేడమ్," అన్నాడు. ఈసారి అది అర్థమయ్యి అన్న యెస్. ఆవిడ ఆయన చెయ్యి పట్టుకుని కాసేపు ఉంచి వదిలేసింది. తర్వాత ఆదివారం బాపు, మా అమ్మాయి ఆవిడతో కలిసి టైర్ల షాపు వెనక్కి వెళ్లొచ్చారు. నేను రాలేనన్నాను, ఆఫీస్ కాల్ ఉంది. కాల్ నిజంగానే ఉంది.

పెద్దాయన వాకింగ్‌కి రావడం మానేశాడు. పొద్దున బాపు షూస్ వేసుకుని, మెట్ల మీద కాసేపు నిలబడి, ఒక్కడే వెళ్లేవాడు. పక్కింటి బ్లైండ్స్ తెరిచే ఉండేవి. ఇంట్లో ఉన్న పెద్దమనిషి దిగులుగా ఉంటే వంట పెరుగుతుంది. నేను ఆ రోజుల్లో సకినాలు కూడా చేశాను.

ఒక రోజు బాపు ఆ సకినాలు డబ్బాలో పెట్టుకుని వెళ్లి పక్కింటి బెల్ కొట్టాడు. తలుపు తీశాక, సార్, వాకింగ్ అన్నాడట. పెద్దాయన టోపీ తెచ్చుకున్నాడు. ఇద్దరూ ఎప్పటిలాగే రోడ్డు చివరిదాకా వెళ్లారు. వచ్చేటప్పుడు పెద్దాయన తనంతట తానే ఒక విషయం చెప్పాడు. వాళ్ల పాత పొలం అమ్మేశారు గానీ రాతి గోడ ఒకటి ఇంకా ఉంది. మావాళ్లు కట్టారని చిన్నప్పటి నుంచి అందరికీ చెప్పేవాడట. మొన్న పడుకుని ఆలోచిస్తే, ఒక్క చెయ్యి ఉన్న మనిషి అంత గోడ ఎలా కడతాడని అనుమానం వచ్చిందట. ఆ ముత్తాత తండ్రి అన్నల పొలంలో పనివాళ్లు ఉండేవాళ్లేమో, యుద్ధానికి ముందు కట్టిందేమో, ఎవరు కట్టారో నాకు తెలియదు అన్నాడట.

"నువ్వేమన్నవు?" అని బాపుని అడిగాను.

"ఏమంట. తెల్వదన్నడు గద. అది పెద్ద మాటే," అన్నాడు.

పెద్దాయన అభిప్రాయం మార్చుకున్నాడని నేను చెప్పను. రోడ్డుకి పాత పేరే ఉండాలని ఆఖరుదాకా అన్నాడు. కాకపోతే రాష్ట్రాల హక్కులన్న మాట బాపు ముందు మళ్లీ వాడలేదు. సుంకాల గురించి మాత్రం అప్పుడప్పుడు ఎత్తేవాడు. బాపు వినేవాడు.

నెలన్నర తర్వాత బాపు మనవణ్ణి చూడటానికి ట్రాయ్ వెళ్లాడు. డల్లెస్ ఎయిర్‌పోర్ట్‌కి డ్రైవ్ చేసింది పెద్దాయనే. నా కార్‌లో వెనక సీట్లో కూర్చోవడం కన్నా అదే సుఖమని బాపు అన్నాడు. చెక్-ఇన్ దగ్గర ఇద్దరూ చేతులు కలిపి, సార్, సర్ అనుకున్నారు.

కౌంటీ వాళ్లు పేరు మార్చాలనే తేల్చారు. కొత్త పేరు ఎవరి మనోభావాలూ దెబ్బతినకుండా ఒక చెట్టుది పెట్టారు. ఆ చెట్టు మా రోడ్డు మీద ఒక్కటి కూడా లేదు. రోడ్డు చివరింటి ఆవిడ, ఎవరో ఒక మనిషి పేరు పెట్టి ఉండాల్సిందని, టైర్ల షాపు వెనక ఉన్నవాళ్ల పేర్లు తెలిసి ఉంటే తానే ఇచ్చేదాన్నని అంది. నా గ్రీన్‌కార్డ్ దిగులు అనవసరమని తేలింది. ఆన్‌లైన్‌లో అడ్రస్ మార్చడానికి పది నిమిషాలు పట్టింది. గ్రీన్‌కార్డ్ మాత్రం ఇంకా రాలేదు, అది వేరే కారణాల వల్ల.

కొత్త బోర్డు పెట్టిన రోజు శనివారం. పనివాళ్లు నిచ్చెన తీసేస్తుంటే పెద్దాయన తన పచ్చిక అంచున నిలబడి చూస్తున్నాడు. రోడ్డు చివరింటి ఆవిడ కుక్కని తిప్పుతూ వచ్చి ఆగింది. నేను చెత్త డబ్బా లోపలికి లాగుతూ ఆగాను. ముగ్గురం వాతావరణం గురించి మాట్లాడుకున్నాం. అంతలో ఒక డెలివరీ వ్యాన్ వచ్చి ఆగింది. కుర్రాడు కొత్తవాడు. ఫోన్ చూసుకుని, బోర్డు చూసి, ఇది ఏ రోడ్డని అడిగాడు.

పెద్దాయన పాత పేరు చెప్పాడు. అదే క్షణంలో ఆవిడ కొత్త పేరు చెప్పింది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకోలేదు. కుర్రాడు మధ్యలో ఉన్న నన్ను చూశాడు.

నేను కొత్త పేరు చెప్పాను. పెద్దాయనకి వినపడేలాగే చెప్పాను. ఆయన గొంతు సవరించుకుని, పచ్చికలోంచి ఒక కలుపు మొక్క పీకి పక్కన పడేశాడు.

కుర్రాడు ఫోన్‌లో నొక్కి చూసి, ఈ పేరుతో రోడ్డేదీ లేదంటోందన్నాడు. అప్పుడు పెద్దాయన వ్యాన్ దగ్గరికి వెళ్లి పార్సెల్ మీద ఇంటి నంబర్ చదివి, అది మా ఇల్లని చెప్పి, బరువుగా ఉందని తనే మోసుకొచ్చి మా మెట్ల మీద పెట్టాడు.